అడక్కుండా ఏదీ ముట్టని మనిషి

సారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను ఆయన్నే తిడుతున్నాను. పొద్దున్న ఎనిమిదిన్నరకే చీటీల కోసం వరస గేటు దాకా వెళ్ళిపోయింది. కంప్యూటరు మాత్రం లేవనంటోంది. రెండుసార్లు ఆపి వేశాను. మూడోసారి వేస్తూ, "ఏ ఘడియలో మొదలుపెట్టావయ్యా దీన్ని, నా ప్రాణం తీయడానికి కాకపోతే" అని పైకే అన్నాను. అప్పుడే ఫోను మోగింది. శృంగవరపుకోట నుంచి ఆయన బావమరిది. "బావ తెల్లారి పోనాడమ్మా. ఆస్పత్రిలో బుద్రికి ముందు సెప్పమని అక్క అంది" అన్నాడు, ఆ బుద్రిని నేనేనని తెలియక.

ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కంప్యూటరు వైపే తిరిగాను. ఈలోగా అది లేచింది. నిన్న సాయంత్రం ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడే నిలబడింది. మొదటి చీటీ రాసిచ్చాను, రెండోది రాసిచ్చాను. మూడో మనిషిని పేరు అడగాల్సింది పోయి రెండో మనిషి పేరే మళ్ళీ కొట్టాను. కిటికీ అవతల నిలబడ్డ ముసలమ్మ నా మొహం చూసి, చీటీ సంగతి వదిలేసి, "ఎవరు పోనారమ్మా?" అంది. కొండమనిషికి అది చెప్పక్కర్లేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. వరసలో ఎవరూ విసుక్కోలేదు.

ఆయన పేరుతో ఆస్పత్రిలో ఎవరికీ పని పడలేదు. మా పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి వార్డు ఊడ్చే అప్పలమ్మ దాకా అందరికీ "సారే". పొట్టి మనిషి. మే నెలలో కూడా గోధుమరంగు స్వెట్టరు, మెడకి మఫ్లరు. అరకు చలి ఆయనకి పదహారేళ్ళయినా అలవాటు కాలేదు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టుకున్నారు, అదే చివరి దాకా ఉంది. రోగుల రికార్డులకి ప్రోగ్రాము రాయడానికి ఆరు నెలలకని వచ్చారట. భార్య శృంగవరపుకోటలో టీచరు. ఆయన మాత్రం వారానికోసారి ఘాటు రోడ్డు దిగి వెళ్ళడం, మర్నాడు ఎక్కి రావడం. ఎందుకు వెళ్ళిపోలేదో నాకు ఆ రోజుల్లో తట్టలేదు. ఇక్కడంటే ఇష్టం కాబోలు అనుకున్నాను.

ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన అడగడం. అడక్కుండా ఏదీ ముట్టుకునేవారు కాదు. బల్ల మీద నా పెన్ను ఉంటే, నేను గదిలో లేకపోతే, నేను వచ్చేదాకా రాయకుండా కూర్చునేవారు. మధ్యాహ్నం అందరం క్యారేజీలు విప్పుకుని ఒకరి కూర ఒకరం వేసుకుంటుంటే, ఆయన మాత్రం "సిస్టరమ్మా, మీ గిన్నెలో ఉన్నదేదో కొంచెం నాకిత్తారా?" అనేవారు. లోపల ఏముందో తొంగి కూడా చూడరు. ఒకసారి నర్సు సిస్టరు తన సంచీ మా గదిలో మర్చిపోయింది. అందులో ఫోను మోగుతూనే ఉంది. సారు ఆ జిప్పు తీసి ఆపెయ్యచ్చు కదా. లేదు. లేచి, వరండా దాటి, కాన్పుల వార్డు దాకా నడిచి వెళ్ళి, "అమ్మా, మీ సంచీ పిలుస్తోంది" అని చెప్పి వచ్చారు. సిస్టరు నెలరోజులు ఆ మాట అందరికీ చెప్పి నవ్వింది.

నేను డిగ్రీ పూర్తిచేసి, కంప్యూటరు వచ్చు అని చెప్పుకుంటూ ఆ గదిలోకి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నా సర్టిఫికెట్లు చూడలేదు. "మూడూ నాలుగూ కూడితే ఎంత?" అన్నారు.

"ఏడండి."

"ఎవరు కూడినారు?"

నాకు ఒళ్ళు మండింది. కొండపిల్లనని వెక్కిరిస్తున్నాడు అనుకున్నాను. "నేనే కూడానండి. ఇంకెవరున్నారు ఇక్కడ?" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, "కాదమ్మా. మూడు కూడింది. నాలుగుని నీలో కలుపుకోమని మనం మూడుని అడిగేం, అది కలుపుకుంది. దాని పని దానికి తెలుసు" అన్నారు. మర్నాటి నుంచి రమ్మన్నారు. ఆ రాత్రంతా మా అమ్మకి ఉద్యోగం వచ్చిందని చెప్పాలో, పిచ్చివాడి దగ్గర చేరానని చెప్పాలో తేలలేదు.

ప్రోగ్రాములు రాయనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను, మళ్ళీ ఎత్తను. ఆయన రాసిన భాషలో ప్రతిదీ ఒక జీవి కింద లెక్క. రోగి, మాత్ర, తారీఖు, ఆఖరికి మూడు అనే అంకె కూడా. ఎవరికి తెలిసింది వాళ్ళ లోపల ఉంటుంది. బయటివాళ్ళు చెయ్యి పెట్టకూడదు, కబురంపి అడగాలి. ఇందులో మినహాయింపు అనేది లేదు. నేను కాలేజీలో నేర్చుకున్న జావాలో కూడా ఈ పద్ధతే ఉంది, కానీ అక్కడ పని జరగడం ముఖ్యం. అంకెల్ని జీవులు చెయ్యలేదు, వట్టి సరుకు కింద వదిలేశారు, చప్పున కూడుకోవడానికి. అడ్డదారులున్నాయి. ప్రపంచమంతా అలాంటి భాషల్లోనే రాస్తోంది. సారు భాష తెలిసినవాళ్ళు ఈ కొండల్లో మేమిద్దరమే.

"సారూ, మూడుకి ప్రాణమేటండి? మూడంటే మూడే" అనేదాన్ని.

"ఇయ్యాల మూడుని సరుకన్నావు. రేపు తారీఖుని సరుకంటావు. ఎల్లుండి మనిషిని."

"జావాలో అయితే ఈ వరస బేగి అయిపోద్దండి."

"అయిపోద్ది. బస్తాల్నెత్తి లారీలో పడేసినట్టు పడేత్తే ఏదైనా బేగి అయిపోద్ది."

సిస్టరు మా గదిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, "సారు మడిలో ఉన్నారేటి?" అని ఆటపట్టించేది. నిజానికి మనిషిగా ఆయనకి మడీ లేదు, మైలా లేదు. మా ఇంటికి వచ్చి చోడి అంబలి తాగారు, మా నాన్నతో నేలమీద కూర్చుని కోడికూర తిన్నారు. ఉన్న మడంతా ఆ ప్రోగ్రాములోనే. అందులో నేను ఒక్క అడ్డదారి వేసినా ఆయనకి తెలిసిపోయేది. తిట్టరు. చెరపరు కూడా, అది నేను రాసింది కాబట్టి. "బుద్రీ, నీదేదో ఇందులో పడిపోయినట్టుంది, తీసుకుంటావా?" అంటారు. అంతకంటే తిడితే బాగుండును అనిపించేది.

ఇంకో సంగతి. ఆ ప్రోగ్రాముకి మొదలూ ఆఖరూ ఉండవు. సాయంత్రం నిద్రపుచ్చాలి, పొద్దున్న లేపాలి. సారు మొదటి రోజు లోపల పెట్టిన రోగి దగ్గర్నుంచి నిన్నటి రోగి దాకా అందరూ లోపలే ఉంటారు. వాళ్ళని తీసి ఇంకో భాషలోకి మార్చాలంటే ఒక్కొక్కరినీ అడిగి బయటికి తేవాలి. కొత్త కంప్యూటర్లకి ఆ భాష ఎక్కదు. అందుకని పాతదాన్నే బాగుచేయించుకుంటూ, దుమ్ము పడకుండా కిటికీలు మూసేసిన ఆ గదిలో, చీటీలిచ్చే చిన్న కిటికీ ఒక్కటి తెరుచుకుని పదకొండేళ్ళుగా కూర్చున్నాను. బొర్రా వైపు నుంచి వచ్చే అద్దాల రైలు కూత వినపడుతుంది. రైలు కనపడదు.

నాకు అక్కడి నుంచి బయటపడాలని ఉండేది. దాచడం ఎందుకు. సారు రిటైరై వెళ్ళిపోయిన రెండేళ్ళకి విశాఖలో పర్మినెంటు ఉద్యోగానికి పరీక్ష రాశాను, ఆర్డరు వచ్చింది. నెలలోగా చేరాలి. కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "వెళ్ళు తల్లీ, నేనెందుకు ఆపుతాను? నీ తరవాత దాన్ని ఎవరు చూస్తారో మాత్రం చెప్పి వెళ్ళు" అంది. చెప్పడానికి ఎవరూ లేరు.

సారుకి ఫోను చేశాను. "మొత్తం తీసి జావాలో రాసేస్తానండి. ఎవరొచ్చినా చూసుకుంటారు. నేను పోవచ్చు. మీరు కొంచెం సాయం చెయ్యండి" అన్నాను.

"నెల రోజుల్లోనా?" అన్నారు.

"అంతే ఉందండి."

"అడగడం మానకు" అన్నారు. అంతే. సాయం చేస్తానని గానీ, వద్దని గానీ అనలేదు. నాకు కోపమొచ్చి పెట్టేశాను.

ఇక్కడ మా పేర్ల సంగతి చెప్పాలి. మాలో పిల్ల ఏ వారం పుడితే ఆ వారమే పేరు. సోమవారమైతే సోమ్రా, సోమారి. బుధవారమైతే బుద్ర, బుద్రి. శుక్రవారమైతే సుక్ర, సుక్రి. మా ఇంట్లో నేనూ బుద్రినే, మా మేనత్తా బుద్రే. ఊళ్ళ పేర్లూ అంతే, కొత్తవలసలు ఎన్నున్నాయో లెక్కలేదు. పుట్టిన తారీఖు ఎవరికీ తెలియదు కాబట్టి కార్డుల్లో అందరికీ జనవరి ఒకటి. అందుకని సారు ప్రోగ్రాములో సుక్రి అని కొడితే సుక్రిలందరూ వరసగా నిలబడతారు. ఒక్కొక్కరి పక్కన వాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు తమ గురించి చెప్పుకున్న మాట ఉంటుంది. గాసి చెల్లెలు. పనసచెట్టు పక్కిల్లు. ఎడమచేతి మీద పచ్చబొట్టు. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిని నేను అడగాలి, ఆవిడ చెప్పాలి, అప్పుడు గానీ చీటీ రాదు. ఒక్కో మనిషికి అయిదు నిమిషాలు. పెదబయలు వైపు జీపు మూడింటికి పోతుంది. అది తప్పిపోయిన తల్లులు పసిపిల్లల్ని పెట్టుకుని మా వరండాలో పడుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. సారు కూడా చూశారు. బాధపడ్డారు. మార్చలేదు.

నేను మార్చాను, వారం రోజులు రాత్రీ పగలూ కూర్చుని, జావాలో. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తారీఖు, నాలుగూ కలిస్తే మనిషి ఒకరే అని రాశాను. అడగడం లేదు, ఆగడం లేదు. మొదటి రోజు వరస పన్నెండింటికే అయిపోయింది. జీపు ఎవరికీ తప్పలేదు. అప్పలమ్మ వచ్చి నా బుగ్గలు పుణికింది. డాక్టరమ్మ, "సారు ఎందుకు చెయ్యలేదే ఇన్నాళ్ళూ?" అంది. నేను బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

రెండు వారాలకి ఒక సుక్రి ఏడుస్తూ వచ్చింది. రక్తంలో కణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు ఆమెకి. మా కొండల్లో అది చాలామందికి ఉంది. నెలనెలా మాత్రలు ఇవ్వాలి. మందుల దగ్గర, నీ మాత్రలు ఇచ్చేశాం, చీటీలో ఉంది పో, అన్నారట. కీళ్ళు పట్టేసి, నిలబడలేక, గోడకి ఆనుకుని కూలబడింది. సిస్టరు ఆమెని లోపలికి మోసుకుపోయి, తిరిగొచ్చి నా గుమ్మంలో నిలబడి, "మరి ఆ మాత్రలు ఎవరికిచ్చినావే?" అంది.

చూశాను. సుక్రి, తండ్రి సోమ్రా, ఊరు కొత్తవలస, జనవరి ఒకటి. ఇద్దరు. నా ప్రోగ్రాము ఇద్దర్నీ ఒకర్ని చేసేసింది. రెండో సుక్రికి ఆ జబ్బు లేదు. ఆమె అయిదో నెల కడుపుతో వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడని మాత్ర అది. మూట కట్టి ఇచ్చి పంపించాం.

ఊరుకాని ఊరు నుంచి వచ్చిన మనిషైతే పోనీ, తెలియదు అనుకోవచ్చు. ఇంట్లో ఇద్దరు బుద్రిలున్న దాన్ని నేను. నాకంటే తెలియాల్సినవాళ్ళు ఎవరున్నారు? ఈ గదిలోంచి బేగి పోవాలన్న తొందరలో నా కళ్ళు మూసుకుపోయాయి. అంతే, ఇంకో కారణం లేదు.

సారుకి ఎవరు చెప్పారో తెలియదు. మర్నాడు పొద్దున్న బస్సు దిగి వచ్చేశారు. అప్పటికే ఆయన గుండెకి కొండ ఎక్కవద్దన్నారు. మఫ్లరు చుట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కాకుండా స్టూలు మీద కూర్చున్నారు, ఇప్పుడు కుర్చీ నాది కదా. "జీపు మాట్లాడేవా?" అన్నారు.

రెండో సుక్రిది పెదబయలు అవతల ఉన్న కొత్తవలస. జీపు దిగాక గెడ్డలో నీళ్ళు దాటి నడవాలి. సారు నాలుగుచోట్ల ఆగి నిలబడ్డారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. ఊళ్ళోకి వెళ్ళి, "సుక్రి ఎవరమ్మా?" అని అడిగారు. అయిదుగురు వచ్చారు. ఒకామె ముసలిది, ఒకామె ఇంకా బడికి పోయే పిల్ల. కడుపుతో ఉన్నామె ఏదీ అని నాకు అరవాలని ఉంది. సారు మాత్రం అయిదుగుర్నీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ నువ్వెవరివి, ఎవరి మనిషివి అని అడిగారు. వాళ్ళు సంబరంగా చెప్పుకుంటున్నారు. మాకు కావలసిన సుక్రి అడ్డాకులు కోయడానికి అడవికి పోయిందని ఆఖరున తెలిసింది.

చాలాసేపటికి ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. పట్టుమని ఇరవై ఉంటాయేమో. సారు లేచి నిలబడ్డారు. "తల్లీ, ఆస్పత్రిలో నీకిచ్చిన మాత్రలు ఏసుకున్నావా?"

"ఏసుకున్నాను బాబూ. తొమ్మిది ఏసుకున్నాను. బలానికి కాదేటి?"

"కాదు తల్లీ. పొరపాటున ఇచ్చినారు. మిగిలినయి ఇచ్చేత్తావా?"

ఆ పిల్ల రవికె లోపల ముడేసుకున్న పొట్లం తీసి పట్టుకుంది. "మీయే కదా, తీసుకోండి."

"నీకిచ్చేసినాక నీయే. నువ్విత్తేనే తీసుకుంటాను."

ఆ క్షణంలో ఆయన్ని గెడ్డలోకి తోసెయ్యాలనిపించింది నాకు. అక్కడ ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది, ఈయనకి ఇంకా మర్యాదలు. ఆ పిల్ల మాత్రం మాత్రల్ని ఒక్కసారి చూసుకుని, ఆయన చేతిలో పెట్టి, "పొరపాటు ఎవరు సేసినారు?" అంది.

సారు నా వైపు చూడలేదు. నేనే అన్నాను. "నేను చేశానమ్మా. మీ ఇద్దర్నీ ఒకరే అనుకున్నాను."

"ఆ ఇంకో సుక్రికి బాగుందా?" అంది.

తిరుగు ప్రయాణంలో జీపులో సారు ముందు కూర్చున్నారు. ఆ పిల్లని పరీక్షలకి వెంటబెట్టుకుని వస్తున్నాం, ఆమె వెనక నా భుజం మీద నిద్రపోయింది. మంచు దిగుతోంది. సారు అద్దంలోంచి బయటికి చూస్తూ, "నీ ఆర్డరు?" అన్నారు.

"ఇంకో వారం ఉందండి."

"ఎల్లిపోతావేటి?"

"ఎలా పోనండి? ఈ పిల్లకి బిడ్డ పుట్టి, ఏ లోపమూ లేదని తెలిసేదాకా ఎలా పోను?"

ఆయన తిరిగి నా వైపు చూశారు. ఏదో అనబోయి మానేశారు. మఫ్లరు ముక్కు దాకా లాక్కున్నారు. నా మీద జాలి అనుకున్నాను.

ఆ వారంలోనే ఆయన మా గదిలో కూర్చుని, పాత ప్రోగ్రాముని మళ్ళీ లేపారు. నేను రాసిందాన్ని డాక్టరమ్మ తీయించేసింది. "ఇంక దీని మీద ఎవరూ ప్రయోగాలు చెయ్యకండి. సారు కట్టింది సారు కట్టినట్టే ఉండాలి, నువ్వే చూసుకోవాలి" అంది. తప్పు నాది, ఏం మాట్లాడతాను? విశాఖవాళ్ళని గడువు అడిగితే ఇవ్వలేదు. సుక్రికి ఆడపిల్ల పుట్టింది. చేతులూ కాళ్ళూ కళ్ళూ అన్నీ చూసుకుని, డాక్టరమ్మ బాగుంది అన్నాక గానీ నాకు అన్నం సయించలేదు. అప్పటికి ఆ ఉద్యోగం వేరే ఎవరికో వెళ్ళిపోయింది. మళ్ళీ పరీక్ష పెట్టేసరికి నాకు వయసు దాటిపోయింది.

ఆ తరవాత సారు ఆదివారం ఆదివారం ఫోను చేసేవారు. "ఎలాగున్నావు" అనేవారు కాదు. "లేచిందా?" అనేవారు. "లేచిందండి" అనేదాన్ని. నా బాగోగుల కంటే ఆయనకి ఆ కంప్యూటరే ఎక్కువ అని ఒకోసారి ఎత్తేదాన్ని కాదు. పోయే ముందు రెండు ఆదివారాలు కూడా ఎత్తలేదు. అది ఇప్పుడు నన్ను తినేస్తోంది.

పెద్దకర్మకి శృంగవరపుకోట వెళ్ళాను. అమ్మగారిని చూడడం అదే మొదలు. తెల్లటి జుట్టు, సన్నటి మనిషి, మాట మాత్రం చాకు. భోజనాలయ్యాక వంటింటి గుమ్మంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వేనా బుద్రివి. నిన్ను సూడాలని ఎన్నాళ్ళ నుంచో ఉందమ్మా. నీకో మాట సెప్పాలి. మీ సారు ఆ కొండ మీద పదహారేళ్ళు ఎందుకున్నారనుకుంటున్నావు?"

"ప్రోగ్రామంటే ప్రాణం కదండి."

"మొదట అంతే. ఆరేళ్ళయ్యేసరికి ఇసుగొచ్చేసింది. వచ్చేత్తానంటే డాక్టరమ్మ, ఎవరికైనా నేర్పి ఎల్లండి అనీది. ఆ బాస ఎవులికొచ్చు? ఇద్దరు కుర్రగుంటలొచ్చి నెల తిరక్కుండా పారిపోనారు. మా అత్త పోయినప్పుడు కూడా మూడో రోజుకే ఘాటు రోడ్డెక్కేసినారు, వరస ఆగిపోతాదని. తరవాత నువ్వొచ్చేవు. నీకు బేగి వచ్చేసింది. ఆయన ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డారో నాను సూసేను. 'ఈ గుంటకి వచ్చేసింది, నన్నొదిలేత్తారు' అన్నారు. తరవాత అన్నం కాడ కూకుని, తినకుండానే సెయ్యి కడిగేసుకున్నారు. 'ఆ గుంటని లోనెట్టేసి నాను బయటికొచ్చేసినాను' అన్నారు. నీ ఉజ్జోగం పోయిన కాణ్ణుంచి ఆ మాట మరీ ఎక్కువైపోయింది. నీతో సెప్పమంటే, నోరు రావట్లేదు అనీవోరు."

కోపం రాలేదంటే అబద్ధం. చచ్చిపోయిన మనిషి ఇంట్లో, ఆయన పేరున వండిన అన్నం తిని కూర్చుని, ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. నా పెన్ను ముట్టడానికి నన్ను అడిగారు. నా బతుకు తీసుకునేటప్పుడు అడగలేదు. తొంభైసార్లు అడిగే మనిషి ఆ ఒక్కసారి అడిగి ఉంటే, నేను ఏమని ఉండేదాన్నో కూడా నాకు తెలియదు. సరేనని ఉండేదాన్నేమో. ఆయనంటే నాకు అంత ఇష్టం.

అమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. "తిట్టాలంటే తిట్టమ్మా. ఇంటాను" అంది.

తిట్టలేదు. ఏడ్చాను. ఘాటు బస్సు ఎక్కి వచ్చేశాను.

సారు పోయిన నెలకే డాక్టరమ్మకి భయం పట్టుకుంది. బుద్రి ఒక్కతే ఉంది, ఈమెకి ఏదైనా అయితే ఎలా అని. గూడెం కొత్తవీధి వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకుంది. కంప్యూటర్స్‌లో డిగ్రీ, ఇరవై రెండేళ్ళు, చురుకైన కళ్ళు. "సారు నీకు నేర్పినట్టు నేర్పు. ఏడాదిలో నీకు కూడా ఊపిరాడుతుంది" అంది డాక్టరమ్మ.

నేర్పాను, మూడు రోజులు. నాకు మూడు నెలలు పట్టినది ఆ పిల్లకి మూడు రోజుల్లో వచ్చింది. రెండో రోజే నా చేతిలో తప్పు పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం తలెత్తి, "మేడం, ఇది ఎంత బాగుందండి. జావా ఇంక రాయబుద్ధి కాదు" అంది. ఆ మొహంలో వెలుగు చూశాను. ఏడాది చాలు నాకు. ఏడాదిలో నేను ఘాటు రోడ్డు దిగి, ఎక్కడో ఒకచోట, కిటికీలున్న గదిలో పని వెతుక్కోవచ్చు. ఆ సాయంత్రమంతా దాన్నే లెక్క వేసుకున్నాను. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

నాలుగో రోజు పొద్దున్న ఆ పిల్ల కుర్చీ లాక్కోబోతుంటే ఆపాను.

"నీకిది రాదమ్మా" అన్నాను.

"వస్తంది కదండీ. నిన్న మీరే బాగుందన్నారు."

"మొహమాటానికి అన్నాను. దీనికి వేరే బుర్ర కావాలి. నీకు లేదు."

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నేను నేర్చుకుంటాను మేడం. కొంచెం టైమివ్వండి" అంది. నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్లకి రావడం లేదు, మందుల దగ్గర వెయ్యండి అన్నాను. దీన్నంతటినీ జావాలో మళ్ళీ రాస్తాను అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఒకసారి రాశావు. ఏమైందో మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. అందుకే ఈసారి తొందర లేదు. అది అడుగుతుంది. సుక్రిలెంతమందుంటే అంతమందినీ అడుగుతుంది. వరస ఇలాగే ఉంటుంది, జనం ఇలాగే తిడతారు. కాకపోతే రాసింది ఎవరైనా చదువుకోగలరు. డిగ్రీ చదివిన ఏ పిల్లైనా వచ్చి చూసుకుని, ఇష్టం లేకపోతే మర్నాడే మానేసి పోవచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండేళ్ళు. మూడేమో."

"అన్నాళ్ళూ నువ్వుంటావా?"

ఉంటానని రాసిచ్చాను. ఇప్పుడు పొద్దున్న వరస చూసుకుని, మధ్యాహ్నం నుంచి ఒక్కొక్క రోగినీ అడిగి బయటికి తెస్తున్నాను. అంకెల్ని సరుకు కిందే వదిలేశాను. కొన్నిచోట్ల అడ్డదారులు వేశాను, సారు చూస్తే రెండు రోజులు మాట్లాడరు. మాట్లాడకపోతే పోనీ అనుకుంటూ వేస్తున్నాను. గది అదే, కిటికీ అదే.

ఆ పిల్ల మందుల దగ్గర పని చేస్తోంది. బ్యాంకు పరీక్షకి చదువుతోందని సిస్టరు చెప్పింది. టీకి వెళ్ళేటప్పుడు నా గది ముందునుంచే పోవాలి. నేను కనపడితే మొహం తిప్పుకుని, నడక పెంచి పోతుంది. నా మీద కోపంతోనే కానీ, ఆ గుమ్మం లోపల కాలు పెట్టడం లేదు.